ప్రోటాన్లు గొట్టం గోడకు తగలకుండా ఎలా తిరుగుతాయి?

ప్రశ్న: జెనీవా దగ్గర సెర్న్‌లోని లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో ప్రోటాన్లు గంటల తరబడి తిరుగుతాయట. అవి దారి తప్పవని ముందే ఎలా లెక్కగడతారు?

జవాబు: ఆ వలయం చుట్టుకొలత దాదాపు 27 కిలోమీటర్లు. ప్రోటాన్ దాన్ని సెకనుకు 11,245 సార్లు చుట్టేస్తుంది. పది గంటలకు 40 కోట్ల చుట్లు! అయినా లెక్క మాత్రం ఒక్క చుట్టుతోనే మొదలవుతుంది.

దారి వంచడానికి 1,232 డైపోల్ అయస్కాంతాలున్నాయి. కానీ ఏ ప్రోటానూ సరిగ్గా నడిమధ్యన పోదు. పక్కకు జరిగినదాన్ని లోపలికి నెట్టే పని క్వాడ్రుపోల్ అయస్కాంతాలది. చిక్కేమిటంటే, క్వాడ్రుపోల్ అడ్డంగా కూడగడితే నిలువుగా చెదరగొడుతుంది. అందుకే వాటిని ఒకటి విడిచి ఒకటి దిశ మార్చి అమరుస్తారు.

మరి రెండూ చెల్లుకు చెల్లు కావా? కావు. నడిమి నుంచి దూరం పెరిగేకొద్దీ క్వాడ్రుపోల్ తోపు పెరుగుతుంది. చెదిరిన కణం తర్వాతి అయస్కాంతాన్ని మరింత దూరంలో చేరుతుంది కనుక, అది మరింత గట్టిగా లోపలికి తోస్తుంది. చివరికి కూడగట్టడానిదే పైచేయి. అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో కూరాంట్, లివింగ్‌స్టన్, స్నైడర్ 1952లో ఈ పద్ధతిని ప్రకటించారు. గ్రీసులో క్రిస్టఫిలోస్‌కు అంతకు ముందే విడిగా ఈ ఆలోచన వచ్చింది.

ఇక లెక్క. కణం నడిమికి ఎంత దూరంలో ఉంది, ఎంత వాలుగా పోతోంది: ఈ రెండు సంఖ్యలను ఒక్కో అయస్కాంతం మార్చే తీరు ఒక 2×2 మాత్రిక. అన్నిటినీ వరుసగా గుణిస్తే చుట్టు మొత్తానికీ ఒకే మాత్రిక వస్తుంది. దాని ప్రధాన వికర్ణంలోని రెండు సంఖ్యల మొత్తం -2కూ 2కూ మధ్య ఉంటే కణం ఎన్ని చుట్లైనా హద్దులోనే ఊగుతుంది. ఆ మొత్తం ఈ పరిధి దాటితే చుట్టుచుట్టుకూ కణం దూరం పెరుగుతుంది.

ఒక చుట్టులో కణం ఎన్నిసార్లు ఊగుతుందో దాన్ని ట్యూన్ అంటారు. ఈ యంత్రపు మూల రూపకల్పనలో అడ్డంగా అది సుమారు 64.3. పూర్ణసంఖ్య ఎందుకు కాకూడదు? పూర్ణసంఖ్య అయితే ఏ అయస్కాంతంలోని చిన్న లోపమైనా ప్రతి చుట్టులోనూ ఊగులోని అదే దశలో తోస్తుంది. తోపులు పోగుపడి కణం గోడకు తగులుతుంది.

యంత్రంలో ఆదర్శమైన డైపోల్, క్వాడ్రుపోల్ అయస్కాంతాలే ఉంటే కథ ఇక్కడితో ముగిసేది. నిజంలో సెక్స్‌టుపోల్ అయస్కాంతాలు, తయారీ లోపాలు సరళరేఖీయం కాని బలాలు కలుపుతాయి. అప్పుడు మాత్రిక చాలదు. కంప్యూటర్‌లో ఒక్కో కణాన్నీ చుట్టుచుట్టుకూ నడిపించాలి. అయితే పది లక్షల చుట్లు నడిపినా అది అసలు యంత్రంలో ఒకటిన్నర నిమిషమే. అందుకే ప్రోటాన్ల పుంజం వెడల్పు కంటే బాగా పెద్ద సురక్షిత వైశాల్యం లెక్కలో కనిపించేదాకా అమరికను సవరిస్తూ పోతారు.