మట్టికి తొందర పనికిరాదు



వంటకు ముందు బియ్యమేరుట యెట్టిదో, మట్టిపనికి ముందు మన్ను సిద్ధపఱచుట యట్టిది. రాయి పంటికి తగిలినప్పుడుగాని యేరుటలోని లోపము తెలియదు. ఈ సంగతి మాకు నష్టముచేతనే బోధపడినది.

నిరుడు కార్తికమాసమునకు మా చేతితో చేసిన ప్రమిదలనే వెలిగింపవలెనని కోరిక పుట్టినది. చెరువుమన్ను తెచ్చి, నీళ్లు చల్లి, పిసికి, ఇరువది ప్రమిదలు చేసితిమి. ఒక్క దినము నీడన నుంచి, మా యూరి కుమ్మరివారి యిల్లాలిని బతిమాలి ఆమె ఆవములో పెట్టించితిమి. ఆవము విప్పి చూడగా సగము ప్రమిదలు పేలిపోయి యుండెను. అంతియే యైన చింతలేదు. ఆ పెంకులు తగిలి ఆమె కుండలు నాలుగు బీటలు వాఱినవి. వాని వెల మేమిచ్చుకొంటిమి. ఆమె, "అమ్మగారూ, మట్టికి తొందర పనికిరాదండీ" అని మాత్రమనెను. ఆ మాటలో కోపము లేకపోవుటచే మాకు మఱింత సిగ్గైనది. ఒక మట్టిముద్ద నెఱిగినచో మట్టివస్తువులన్నియు తెలియునని ఉద్దాలకుడు శ్వేతకేతువునకు చెప్పిన కథను ఛాందోగ్యమున చదివియుంటిమి. ముద్ద చేయుటయే మాకు తెలియకపోయెను!

పిమ్మట ఆమెయొద్ద నేర్చుకొని, పెరటిపంచలో చాపయంత చోటున మేము చేయుచున్న విధమును వ్రాయుచున్నాము. కావలసినవి రెండు బకెట్లు, సన్నని జల్లెడ, పాత నూలుచీర ముక్క, చెక్కపలక, సన్నని తీగ. వంటింటి జల్లెడను మాత్రము దీనికి వాడరాదు.

మొదట మన్నును పరీక్షింపవలెను. తడిమన్నును సన్నని త్రాడువలె పేని వ్రేలికి చుట్టినప్పుడు పగుళ్లు లేనిచో దానికి జిగి కలదు. ఎండిన పెడ్డపై నిమ్మరసము పిండగా బుసబుస పొంగినచో అందు సున్నపుపాలు కలదు. అట్టి మన్నును విడువుడు. కాల్చిన సున్నము తడి తగిలిన నుబ్బునని మనమెఱుగుదుము. కాలిన పాత్రలోని సున్నపుపలుకును గాలిలోని తేమచే నట్లే యుబ్బి పెచ్చు నూడదన్నును. మా ప్రమిదలలో పేలక మిగిలినవి కొన్ని తరువాత పెచ్చులూడుటకు కారణమిదియే.

మన్ను బొత్తిగా ఎండిన పిదప నీటిలో వేయవలెను. ఎండిన పెడ్డ నీటిలో తానే విచ్చిపోవును. సగము తడిగల పెడ్డ మొండికెత్తును. ఒకటి రెండు దినములు కదపక యుంచి, ఆపైని బాగుగా కలిపి, తేలిన వేళ్లను తీసివేసి, ఇసుక అడుగుపట్టుటకు క్షణకాలమాగి, పై బురదనీటిని రెండవ బకెట్టులోనికి జల్లెడతో వడకట్టవలెను. మన్ను పేరుకొన్న పిదప పై తేటను మొక్కలకు పోయుడు. కాలువలో పోసిన నది పూడిపోవును. మిగిలిన చిక్కని బురదను చీరముక్కలో మూటగట్టి వ్రేలాడదీసిన, కొన్ని దినములలో చేతికంటని ముద్దయగును.

ఆ ముద్దను పలకపై పూరీపిండివలె మర్దించి, తీగతో రెండుగా కోసి, ఒకదానిపై నొకటి కొట్టి, మరల మర్దింపవలెను. కోసినచోట గాలిబుడగలు కనబడనంతవఱకు ఈ పని సాగవలెను. తరువాత తడిగుడ్డ చుట్టి, మూతగల డబ్బాలో కొన్ని వారములుంచిన మన్నుకు జిగి హెచ్చును.

ఒక హెచ్చరిక. పొడిమన్నును దంపుటయు, పనిచోటును చీపురుతో నూడ్చుటయు కూడదు. ఆ ధూళిలోని సన్నని సిలికా యేండ్ల తరబడి ఊపిరితిత్తులలో చేరిన మానని వ్యాధి కలుగును. తడిగుడ్డతోనే తుడువుడు, పసిపిల్లలను దూరముగా నుంచుడు.

ప్రమిదలు పేలుటకు గాలిబుడగలే కారణమని మేము మొదట తలంచితిమి. ముఖ్యకారణము నీరు. పైకి ఎండినట్లున్నను లోపల తడి మిగిలియుండును. ఆవములో వేడి హఠాత్తుగా 100 డిగ్రీలు దాటగా ఆ తడి ఆవిరియై, వెలికి త్రోవలేక మట్టిని బ్రద్దలుచేయును. కావున చేసిన వస్తువులను నీడలో మెల్లగా, చెక్కిలికి తాకించినప్పుడు చల్లదనము తోచనంతవఱకు ఎండనీయవలెను.

ఈ యేడు అమావాస్యకు మూడువారములు ముందే మా ప్రమిదలు సిద్ధమైనవి. ఆ యిల్లాలు ఒకదానిని చేతనెత్తి, చెక్కిలికి తాకించి చూచి, ఏమియు ననక తన కుండల ప్రక్కనే పెట్టినది. అంతకంటె మెప్పు మేము కోరలేదు.