ధాన్యం దిగింది, కాపురం ఎక్కింది

కుట్టనాడు ధాన్యాన్ని కొచ్చికి చేరవేసిన కెట్టువళ్లం ఇప్పుడు పడకగదులు మోస్తోంది. కేరళ కాలువల్లో తిరిగిన ఈ సరుకు పడవల పొట్టకొట్టింది రోడ్లు, వంతెనలు, లారీలే. ఒడ్డున కుళ్లిపోవాల్సిన వాటికి 1990లలో పర్యాటకం ప్రాణం పోసింది.

మలయాళంలో ‘కెట్టు’ అంటే కట్టడం, ‘వళ్లం’ అంటే పడవ. ఒక్క మేకూ లేకుండా అంజిలి చెక్క పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టి, జీడి నుంచి తీసిన నల్లటి జిగురు పూస్తారు. అదే మరమ్మతుకు వరమైంది. కుట్లు విప్పి, పాడైన పలకనే మార్చి, మళ్లీ కుట్టొచ్చు. ఆపైన వెదురు చట్రం, చాపల కప్పు. కింద పడకగదులు, వంటగది, స్నానాల గది. గెడ వేసేవాళ్ల స్థానంలో ఇంజన్. గిరాకీ పెరగడంతో కొత్తవీ పుట్టుకొచ్చాయి.

అసలు చిక్కు అక్కడే. ధాన్యపు పడవ నీటిలో ఏమీ వదిలేది కాదు. ఇల్లయ్యాక మురుగు, చెత్త, డీజిల్ తెట్టు తప్పవు. వీటిని భరించాల్సింది 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన వేంబనాడ్ సరస్సు. ఆ నీటిని ఆనుకునే కుట్టనాడు రైతులూ, జాలర్లూ బతుకుతున్నారు. పాత పడవను బతికించడానికి తాడు, పలక చాలు. దాన్ని ఇల్లుగా నిలబెట్టాలంటే మాత్రం మురుగు ఒడ్డుకు చేరే దారీ ఉండాలి.