తెల్ల డబ్బాకు చేరని సూది

స్వస్థత చెంది ఇల్లు చేరిన రోగికి, తన గాయమును తుడిచిన దూదియు, తనకు సెలైను ఎక్కించిన గొట్టమును, తన కండరమున దిగిన సూదియు పిదప ఏమైనవో తెలియదు. తెలియవలసిన పనియు లేదు. వానిని ప్రతిదినము స్వహస్తములతో ఎత్తి మోయు కార్మికునకో, ఆ యెఱుకయే ప్రాణరక్ష. అందువలననే 2016 నాటి జీవవైద్య వ్యర్థముల నియమములు, ఆసుపత్రి సిబ్బందికి పనిలో చేరునపుడును, తదుపరి ఏటేట ఒక్కసారియైనను శిక్షణ నొసంగవలెననియు, ఆరోగ్యపరీక్షలు జరిపించి, హెపటైటిస్-బి, ధనుర్వాతములు సోకకుండ టీకాలు వేయింపవలెననియు శాసించినవి.

ఆ శిక్షణమున ప్రథమ పాఠము రంగుల విభజనము. రక్తసిక్తమైన దూది, కట్లు, కాలము తీరిన మందులు పసుపు సంచికి. గొట్టములు, సూది తీసిన సిరంజిలు, చేతితొడుగులు ఎఱ్ఱ సంచికి. సూదులు, బ్లేడులు చిల్లిపడని తెల్ల డబ్బాకు. గాజుసీసాలు నీలి పెట్టెకు చేరవలెను. పసుపు సంచిలోనివి సాధారణముగా దహనమునకును, ఎఱ్ఱ సంచిలోనివి క్రిమిసంహారానంతరము పునర్వినియోగమునకును పోవును గనుక, పి.వి.సి. గొట్టము పసుపు సంచిలో పడి సరిగా కాలనిచో డయాక్సినులను విషములు గాలిలో కలియును. సూది ఎఱ్ఱ సంచిలో పడినచో మోయువాని చేతిలో దిగును.

వాడిన సూదికి మరల మూత తొడుగరాదు. ముప్పాతిక నిండిన సంచికి మూతి బిగించి, అచ్చోటనే పట్టి ఎత్తవలెనే కాని, అడుగున చేయి పెట్టరాదు; దేహమునకు ఆనించుకొనరాదు. సూది గుచ్చుకొన్నచో వ్రేలు పిండుటయు, నోట పెట్టుకొనుటయు కంగారులో ఎవరైనను చేయు పనులు. చేయరాని పనులును అవియే. సబ్బుతో, పారు నీట కడిగి, తత్క్షణమే పై అధికారికి తెలుపవలెను. హెచ్.ఐ.వి. నివారణౌషధమును గంటల వ్యవధిలోనే ఆరంభింపవలెను. 72 గంటలు దాటినచో సామాన్యముగా ఈయరు. కనుక మందలింపునకు జడిసి గాయమును దాచుట గాయముకంటెను ప్రమాదకరము.

అయితే సూదిని తప్పు సంచిలో వేయునది వైద్యుడో, నర్సో. అది గుచ్చుకొనునది ఆయాకో, వార్డుబాయికో, ఉమ్మడి శుద్ధికేంద్రమున సంచి దింపుకొనువానికో! ఒకరి ఏమఱుపాటునకు వేఱొకరు ఫలమనుభవించు ఈ వ్యవహారమున, చీపురు పట్టినవారిని మాత్రమే కూర్చుండబెట్టి పాఠము చెప్పుట సగము పని. వార్షిక శిక్షణమునకు శస్త్రవైద్యులును హాజరు కావలెను. ఏ వార్డు సంచులలో ఏ తప్పులు దొరకుచున్నవో వారికి చెప్పు అధికారమును ఆ సంచులు మోయువారికే ఈయవలెను.