కోరంగి రేవు ఏమయింది?

బర్మా దేశంలో ఒకప్పుడు తెలుగువాళ్ళను "కోరంగీలు" అనేవారు. పొట్ట చేత పట్టుకుని ఓడ ఎక్కినవాడు శ్రీకాకుళంవాడు కానీ, విశాఖపట్నంవాడు కానీ, రంగూనులో దిగాక కోరంగీయే! ఇంతమందికి తన పేరు ఇచ్చిన కోరంగి మన గోదావరి ఒడ్డునే ఉన్నది. గౌతమి నించి చీలిన ఒక చిన్న పాయ మీద, సముద్రానికి దగ్గరగా, కాకినాడ నించి యానాం వెళ్ళే దారిలో ఉన్నది. పూర్వం అది పెద్ద ఓడరేవు.

సంక్రాంతి సెలవులలో మా మనవడినీ, మనవరాలినీ వెంటబెట్టుకుని నేను అక్కడికి వెళ్ళాను. పిల్ల ఎనిమిదో తరగతి, పిల్లవాడు ఆరో తరగతి. పులిహోర కట్టుకుని కాకినాడలో పొద్దున్నే బస్సు ఎక్కాము. చొల్లంగి దాటి, కొంతసేపటికి కోరంగిలో దిగాము.

మనవడు నాలుగు పక్కలా చూశాడు. రోడ్డూ, కొబ్బరిచెట్లూ, రొయ్యల చెరువులూ తప్ప మరేమీ కనిపించలేదు.

"రేవు ఏదీ, తాతయ్యా?" అన్నాడు.

"ఇదేరా రేవు," అన్నాను.

వాడి మొహం చిన్నబోయింది. ఓడలు చూపిస్తానని తీసుకువచ్చి మోసం చేశాననుకున్నాడు. అందుచేత కాలవగట్టున చెట్టు నీడను కూర్చోబెట్టి, రేవు కథ చెప్పాను.

రెండువందల యేళ్ళ కిందట ఇక్కడ తెరచాప ఓడలు వరసగా నిలిచేవి. ఇక్కడా, పక్కనున్న తాళ్ళరేవులోనూ కొత్త ఓడలు కట్టేవారు, పాత ఓడలను బాగుచేసేవారు. ఏటిలో ఉన్న ఓడకు సముద్రపు అలల బాధ ఉండదు గదా! అదే కోరంగికి బలం. కాని దాని బలహీనత కూడా ఆ ఏటిలోనే ఉన్నది.

1789 డిసెంబరులో తుఫాను వచ్చి, సముద్రం ఊరి మీదికి పొంగింది. వేలకొద్దీ జనం చనిపోయారు. ఊరు మళ్ళీ లేచి నిలబడింది. 1839 నవంబరు 25న అంతకన్న పెద్ద ఉప్పెన వచ్చింది. ఓడలూ, ఇళ్ళూ కొట్టుకుపోయాయి. కలకత్తాలో ఉండిన హెన్రీ పిడ్డింగ్టన్ అనే ఆయన ఇటువంటి తుఫానులను గురించి ఎన్నో సంగతులు సేకరించాడు. వాటిలో గాలి పాము చుట్టలాగా సుడి తిరుగుతుందని గ్రహించి, "సైక్లోన్" అనే మాట కల్పించాడు. 1848లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఆ మాట ఉన్నది.

"అయితే తుఫానే రేవును చంపేసిందన్నమాట," అన్నది మనవరాలు.

"సగమే నిజం. తుఫాను ఒక రాత్రి ఉండి పోతుంది. రేవును రోజూ కొంచెంకొంచెంగా చంపినది ఒండ్రు," అన్నాను.

గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి వస్తుంది. దారి పొడుగునా మన్ను తెస్తుంది. సముద్రం దగ్గరికి వచ్చేసరికి వేగం తగ్గి, మోసే శక్తి పోయి, మన్నును దింపేస్తుంది. ఇందుకు ఉప్పునీరు కూడా తోడవుతుంది. బంకమట్టి రేణువులు ఉప్పునీటిలో ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి, త్వరగా అడుగుకు దిగుతాయి. ఆ విధంగా ఏటి లోతు తగ్గింది. పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయాయి. వ్యాపారం కాకినాడకు తరలిపోయింది.

మధ్యాహ్నం మడ అడవిని చూడటానికి వెళ్ళాము. పోటునీరు ఎక్కేదాకా పడవ కదలదన్నాడు పడవ అబ్బాయి. నీరు ఎక్కిన తరవాత కాలవలోకి పోయాము. రెండు పక్కలా చెట్లు బురదలో నిలబడి ఉన్నాయి. బురదలోనించి పెన్సిళ్ళు గుచ్చినట్టు సన్నని వేళ్ళు పైకి పొడుచుకు వచ్చాయి. బురదలో గాలి ఆడదు. అందుచేత మడచెట్టు వేళ్ళను పైకి పంపి గాలి పీల్చుకుంటుంది. పడవ అబ్బాయి ఒక మడ ఆకు చూపి, నాలిక ఆనించమన్నాడు. ఉప్పగా ఉన్నది! చెట్టు నీటితోపాటు పీల్చిన ఉప్పులో కొంత ఆకుల గుండా బయటికి తోసేస్తుంది. కాని తెలియని చెట్టును తాకవద్దు. అక్కడే ఉండే తిల్లచెట్టు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం.

1978లో ఈ అడవిని అభయారణ్యం చేశారు. దాని వైశాల్యం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. బావురుపిల్లులూ, నీటికుక్కలూ ఇందులో ఉన్నాయి.

"మా నాన్న రోజుల్లో పొయ్యిలోకి ఈ మడే కొట్టేవాళ్ళమండి, మాస్టారూ," అన్నాడు పడవ అబ్బాయి. "తొంభయ్యారు తుఫాను చూశాక చెయ్యి రాలేదంటాడండి."

ఆ తుఫాను నాకూ తెలుసు. 1996 నవంబరు 6 రాత్రి అది కాకినాడకు దక్షిణాన తీరం దాటింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. అప్పుడు నేను కోనసీమలో ఒక బడిలో పంతులును. ఊరివాళ్ళంతా బడిలోకి చేరారు. కప్పు పెంకులు ఎగిరిపోతూంటే, పిల్లలను బల్లల కింద కూర్చోబెట్టి తెల్లవారేదాకా ఎక్కాలు చెప్పించాను. తెల్లవారి చూస్తే ఎటు చూసినా కొబ్బరిచెట్లు కూలి ఉన్నాయి.

ఉప్పెన వచ్చినప్పుడు మడచెట్ల వేళ్ళూ, మొదళ్ళూ అలను చీల్చి దాని జోరు తగ్గిస్తాయి. వెనక ఉన్న ఊళ్ళకు అవి కోటగోడ. ఆ గోడ దేని మీద నిలబడి ఉన్నది? రేవును పూడ్చిన ఆ ఒండ్రు మీదనే!

మనవరాలు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "ఒండ్రు రాకపోతే అడవి ఏమవుతుంది, తాతయ్యా?" అన్నది. మంచి ప్రశ్న. ఇప్పుడు గోదావరి మీదా, ఉపనదుల మీదా కట్టిన ఆనకట్టలు చాలా మన్నును ఆపుతున్నాయి. సముద్రానికి చేరే ఒండ్రు మునుపటి కన్న తగ్గింది. నీళ్ళూ కావాలి, ఒండ్రూ కావాలి. దీనికి ఉపాయం ఆలోచించే పని మీ తరానిది.

తిరిగి వచ్చేటప్పుడు సీసాలో కాలవనీళ్ళు తెచ్చాము. మీరు కూడా ఇది చేసి చూడవచ్చు. రెండు గాజు గ్లాసులలో బురదనీళ్ళు సమంగా పోయండి. ఒక దానిలో చెంచాడు ఉప్పు వేయండి. రెంటినీ బాగా కలిపి, కదపకుండా ఉంచండి. ఏది ముందు తేరుకుంటుందో చూడండి.

మా ఇంట్లో రాత్రి భోజనాలు కాగానే మనవడు వంటింట్లోనించి కేక పెట్టాడు:

"తాతయ్యా, రా! ఉప్పు గ్లాసులో రేవు పూడిపోయింది!"