పెట్టెలో దీపం వెలుగుతున్నా ఆఫీసు తలుపు తెరుచుకోదు!

కర్నూలు: పగలు నాయనతో పప్పుశనగ చేనికి, పొద్దు గూకితే మిద్దె గదిలో బెంగళూరు ఆఫీసు పనికి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి ఊరు చేరిన సాఫ్ట్‌వేర్ యువకులు ఎందరికో కర్నూలు, కడప పల్లెల్లో ఇదే దినచర్య అయింది. లాక్‌డౌన్ పోయినా కొందరికి ఇంటినుండి పని మిగిలింది. ఆ పని నిలిచేది ‘వి.పి.ఎన్.’ అనే ఒక్క దారం మీద. అది పదే పదే తెగితే ముసలి తల్లిదండ్రులను వదిలి మళ్ళీ నగరంలో అద్దె గది వెతుక్కోవలసిందే.

ఇంటి కంప్యూటరు నుండి ఆఫీసు దాకా ఇంటర్నెట్టులోనే వేసుకునే రహస్య సొరంగమే వి.పి.ఎన్. దారిన పోయేవారికి లోపలి సరుకు కనిపించదు.

2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారా టీవీ, ఫోను, ఇంటర్నెట్టు మూడూ అప్పట్లో నెలకు 149 రూపాయల నుండి ఇచ్చిన పథకమది. ప్రైవేటు కంపెనీల తీగలూ పల్లెలకు వచ్చాయి. అయితే కనెక్షన్ ఎవరిదైనా ‘సినిమా ఆడుతోంది, వి.పి.ఎన్. రాదు’ అన్న ఇబ్బంది ఎదురుకావచ్చు.

తప్పు ఎక్కడుంది?

ముందు పెట్టె మీది దీపాలు చూడాలి. ‘లాస్’ అన్నచోట ఎర్రదీపం వెలిగితే తీగలో వెలుతురు రావడం లేదన్నమాట. అది ఆపరేటరు చూడవలసిన పని. దీపాలు బాగుంటే సెల్‌ఫోన్ హాట్‌స్పాట్‌తో వి.పి.ఎన్. కలిపి చూడాలి. కలిస్తే లోపం ఇంటి కనెక్షన్‌లో ఉందని తెలిసిపోతుంది. కలవకపోతే కంప్యూటరులో తేదీ, టైము సరిచూసుకుని ఆఫీసుకు ఫోన్ చేయాలి.

పాత మిద్దెల మందపాటి రాతిగోడలను వైఫై దాటలేదు. పెట్టె నుండి కంప్యూటరుకు నేరుగా వైరు పెడితే చాలా తంటాలు తీరుతాయి.

వి.పి.ఎన్. కలిసినా ఆఫీసు ఫైళ్ళు తెరుచుకోకపోతే నంబర్ల తగాదా కావచ్చు. ఇంట్లోనూ, ఆఫీసులోనూ 192.168.1తో మొదలయ్యే నంబర్లే ఉంటే కంప్యూటరు తికమకపడుతుంది. మండలం పేరు రాయకుండా ‘కొత్తపల్లె’కు ఉత్తరం వేస్తే ఏ కొత్తపల్లెకు చేరుతుంది? ఇంటి పెట్టెలో నంబరును 192.168.50కి మార్చుకుంటే చిక్కు వీడుతుంది.

సంచిలో సంచి

చిన్న పనులు జరిగి, పెద్ద ఫైలు దగ్గర ఆగిపోతే కారణం వేరు. ఇంటర్నెట్టులో సమాచారం మామూలుగా 1500 బైట్ల మూటలుగా పోతుంది. వి.పి.ఎన్. ప్రతి మూటకూ పైన ఇంకో సంచి తొడుగుతుంది. లావెక్కిన మూట వాకిట్లో ఇరుక్కుంటుంది. ‘ఎం.టి.యు.’ అన్న అంకెను 1400కు, అవసరమైతే 1350కి తగ్గించాలి.

అసలు కలవనే కలవకపోతే 500, 4500 నంబర్ల దారులు మూసి ఉన్నాయేమో ఆపరేటరును అడగాలి. వీలు కాకపోతే 443 నంబరు దారిలో నడిచే ఏర్పాటు ఉందేమో ఆఫీసును అడగవచ్చు.

కరెంటు పోయినప్పుడల్లా పెట్టె ఆరిపోకుండా చిన్న బ్యాటరీ యూపీఎస్ పెట్టుకోవడం మంచిది. తోచక పెట్టె వెనుక చిల్లులో పిన్ను గుచ్చితే ఉన్న సెట్టింగులూ పోతాయి. ఏ వేళకు తెగిందో, ఏ దీపం వెలిగిందో కాగితం మీద రాసిపెట్టుకుంటే బాగుచేసేవారికి సగం పని తప్పుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, బాగుచేయ వచ్చినవారు ఎంత తెలిసినవారైనా సరే ఆఫీసు పాస్‌వర్డు, ఓటీపీ చెప్పరాదు. తలుపు తెరుచుకోలేదని ఇంటి తాళంచెవి ఎవరి చేతికీ ఇవ్వం కదా!