గోదావరి లోయ లోతు చెప్పిన స్ప్రింగు

కరీంనగర్ అంగట్లో తరాజు మీద తూచిన కిలో కందిపప్పు ఆదిలాబాద్‌లోనూ కిలోయే. ఒక పళ్లెంలో సరుకు, మరో పళ్లెంలో తూకపు రాయి. గురుత్వం తగ్గితే రెండింటికీ సమానంగా తగ్గుతుంది, తరాజుకు ఆ సంగతి తెలియదు. స్ప్రింగు కాంటా అలా కాదు. గురుత్వం ఎంత లాగితే అంతే సాగుతుంది. ఆ సాగుడులోని అతి చిన్న తేడాను పట్టే యంత్రమే గ్రావిమీటరు.

దానికంటే ముందు ఆ పని లోలకం చేసేది. 1672లో ఫ్రెంచి ఖగోళవేత్త జాన్ రిషే పారిస్ నుంచి భూమధ్యరేఖకు దగ్గరలోని కయెన్‌కు తీసుకెళ్లిన లోలకం గడియారం రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది. అక్కడ గురుత్వం తక్కువ. 1932లో టెక్సాస్ విశ్వవిద్యాలయ విద్యార్థి లూసియన్ లాకోస్ట్, గురువు ఆర్నాల్డ్ రాంబర్గ్ అప్పగించిన భూకంపమాపకం పనిలో ఉండగా కొత్త తరహా స్ప్రింగును రూపొందించాడు. దాన్ని వాలుగా అమర్చి బరువు తగిలిస్తే, గురుత్వంలో పది కోట్లలో ఒక వంతు మార్పునూ పసిగట్టవచ్చు.

హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన ఎం.ఎన్. ఖురేషీ, ఎన్. కృష్ణబ్రహ్మం, వారి సహచరులు 1968లో గోదావరి లోయ గురుత్వ కొలతలను ప్రచురించారు. లోయ వెంట గురుత్వం తక్కువ, ఇరువైపులా ఎక్కువ. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని ఉన్న ఈ పట్టీలో పాత గట్టి శిలలు కుంగిపోయి, ఆ పల్లంలో ఇసుకరాయి, బొగ్గు పొరలు కిలోమీటర్ల మందాన పేరుకున్నాయి. అవి తేలిక. గురుత్వాన్ని కొలిచే ప్రమాణం మిల్లీగాల్. గురుత్వం పది మిల్లీగాల్ తగ్గితే 60 కిలోల మనిషి స్ప్రింగు తూకంలో తగ్గేది అర గ్రాముకు కాస్త ఎక్కువ. బొగ్గు ఎంతుందో తేల్చేది బోరే. అయితే ఏ బోరూ దిగకముందే లోయ అంచులను, లోతును అంచనా కట్టే దారిని ఈ అర గ్రాము చూపుతుంది.

ఈ స్ప్రింగు ఉపగ్రహంలో పనిచేయదు. 500 కిలోమీటర్ల ఎత్తున కూడా గురుత్వం నేల మీది దానిలో సుమారు 86 శాతం ఉంటుంది. కానీ ఉపగ్రహమూ, స్ప్రింగూ, దానికి తగిలించిన బరువూ కలిసి భూమి వైపు పడుతూనే ఉంటాయి. పక్కకు సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా దూసుకుపోతున్నందున నేలను తాకవు. అన్నీ ఒకేలా పడుతుంటే స్ప్రింగు సాగదు. అందుకే 2002లో అమెరికా, జర్మనీ కలిసి గ్రేస్ జంట ఉపగ్రహాలను సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనక ఒకటిగా నడిపాయి. బరువైన ప్రాంతం దగ్గర పడగానే ముందుది వేగం పుంజుకుంటుంది, ఎడం పెరుగుతుంది. మైక్రాన్లలో కొలిచిన ఆ తేడా నుంచే భూగర్భజలాల తరుగుదలను నెలనెలా లెక్కగట్టారు.

గ్రేస్‌కు ఆనేది వందల కిలోమీటర్ల విస్తీర్ణమే. గోదావరి లోయ అంచు కచ్చితంగా ఎక్కడుందో తెలియాలంటే గ్రావిమీటరును నేల మీద చోటు చోటునా నిలిపి చూడాల్సిందే.