విద్యార్థి పొరపాటు – ఉపాధ్యాయుని నైతిక బాధ్యత

విద్యార్థి తప్పును తరగతి ముందు చదివి నవ్వించడం, జవాబుపత్రాన్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం కొందరు ఉపాధ్యాయులకు సరదాగా కనిపిస్తాయి. ఇందులోని నైతిక సమస్యను ఈ భాగంలో పరిశీలిద్దాం.

1. పొరపాటు స్వభావం

ఒక విద్యార్థి 52 నుంచి 27 తీసివేసి 35 అని రాశాడనుకుందాం. ఇది కేవలం అజాగ్రత్త కాకపోవచ్చు. 2 నుంచి 7 పోదు కాబట్టి 7 నుంచి 2 తీసివేశాడు. అంటే, పెద్ద అంకె నుంచి చిన్న అంకెను తీయాలనే నియమాన్ని తనే ఏర్పరచుకున్నాడు. అభ్యాసకుల దోషాలు వారు ఎంతవరకు నేర్చుకున్నారో తెలుపుతాయని భాషాశాస్త్రవేత్త ఎస్.పి. కార్డర్ 1967లో వివరించాడు. నవ్వి ఊరుకున్న ఉపాధ్యాయునికి ఈ సమాచారం అందదు.

2. స్థానిక నేపథ్యం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరులో జిల్లాలయ్యాయి. అంతకుముందు ఇవి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేవి. 2011 జనగణన ప్రకారం ఆ జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతం. కాబట్టి ఇక్కడి తరగతుల్లో ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్న పిల్లలు చాలామంది ఉంటారు. తల్లిదండ్రులతో వలస వెళ్లివచ్చిన పిల్లలు, గద్వాల ప్రాంతంలో సీడ్ పత్తి క్రాసింగ్ పనుల రోజుల్లో బడికి దూరమైన పిల్లలు కొన్ని పాఠాలు వినే ఉండరు. వారి తప్పును ఎగతాళి చేస్తే, వారి పేదరికాన్ని ఎగతాళి చేసినట్లే.

'వచ్చాడు' అనడానికి బదులు 'వచ్చిండు' అని రాసిన విద్యార్థి ఇంటి భాష రాశాడు. పాఠ్యపుస్తక రూపం ఏదో చెప్పాలి గాని, ఆ మాటను నవ్వులపాలు చేయకూడదు.

3. నైతిక, చట్టపరమైన అంశాలు

'నలుగురిలో సిగ్గుపడితే మళ్లీ తప్పు చేయడు' అనే వాదన ఉంది. కాని అలా సిగ్గుపడిన విద్యార్థి ఎక్కువగా నేర్చుకునేది సందేహాన్ని దాచుకోవడమే. పైగా మార్కులు వేసే వ్యక్తికి అతడు ఎదురు చెప్పలేడు. దిద్దడానికి ఇచ్చిన జవాబుపత్రాన్ని వినోదానికి వాడటం నమ్మకద్రోహం. పేరు తీసేసినా, చిన్న ఊరి బడిలో చేతిరాతే ఆనవాలు పట్టిస్తుంది.

2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ బాలలపై శారీరక దండనతోపాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. దీన్ని ఉల్లంఘించినవారిపై సర్వీసు నియమాల ప్రకారం క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు. ఈ చట్టం 6–14 ఏళ్ల వారికి వర్తిస్తుంది. అయితే ఆ వయసు దాటిన విద్యార్థి గౌరవం తగ్గిపోదు.

4. ఆచరణ

తప్పులను తరగతిలో చర్చించడం తప్పు కాదు. ఎక్కువమంది చేసిన పొరపాటును ఎంచుకోవాలి. దాన్ని ఉపాధ్యాయుడే తన చేతిరాతతో బోర్డుపై రాయాలి. 'ఇలా చేసినవారు ఏమి ఆలోచించి ఉంటారు?' అని అడగాలి. వ్యక్తిగత లోపాలను విడిగా చెప్పాలి. నోరుజారి ఎవరినైనా నొప్పిస్తే, అదే తరగతి ముందు క్షమాపణ చెప్పాలి. నలుగురిలో జరిగిన అవమానం గదిలో చెప్పిన మాటతో తీరదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

తప్పును చర్చించడానికి, తప్పు చేసినవారిని ఎగతాళి చేయడానికి గల తేడాను మీ ప్రాంతపు ఉదాహరణతో వివరించండి.